వాకెన్ ఓపెన్ ఎయిర్: బరంపురం, రాయగడ వైపు నుంచి ఒంటరిగా వెళ్ళేవారికి ఎలా ఉంటుంది

విదేశంలో మొదటిసారి, అదీ ఒంటరిగా, హెవీ మెటల్ కచేరీలు చూడాలనుకునేవారు జర్మనీలోని వాకెన్‌తోనే మొదలుపెట్టాలి. బ్యాండ్ల జాబితా చూసి చెబుతున్న మాట కాదిది. ఒంటరి మనిషికి అసలు బెంగ పాట గురించి ఉండదు. రాత్రి ఒంటిగంట దాటాక, తెలియని ఊళ్ళో, గది దాకా ఎలా చేరాలన్నదే బెంగ. వాకెన్‌లో ఆ తిప్పలు లేవు. టికెట్టులోనే టెంటు వేసుకునే చోటు కలిసి ఉంటుంది కాబట్టి చివరి బ్యాండ్ దిగగానే నడిచి వెళ్ళి పడుకోవచ్చు. బదులుగా బురద, నడక, నిద్రలేమి మూడూ ఓర్చుకోవాలి. ఒడిశా సరిహద్దు జిల్లాల నుంచి వెళ్ళే మన తెలుగువాళ్ళకి వీటికన్నా ముందు ఇంకో పరీక్ష ఉంది, అది కాగితాలు.

వాకెన్ అంటే ష్లెస్విగ్-హోల్‌స్టైన్ రాష్ట్రంలో సుమారు 2,000 మంది ఉండే పల్లె. 1990లో థామస్ యెన్సెన్, హోల్గర్ హ్యూబ్నర్ అక్కడ చిన్నగా మొదలుపెట్టిన పండుగకి ఇప్పుడు 85,000 మంది వస్తారు. 2025లో జులై 30 నుంచి ఆగస్టు 2 వరకు జరిగింది, 2026 తేదీలు జులై 29 నుంచి ఆగస్టు 1. ఊరి అగ్నిమాపక దళం వాళ్ళ బాజా బృందం కూడా వేదికెక్కి వాయిస్తుంది, పల్లె జనం ఇళ్ళ ముందు బల్లలేసి టిఫిను అమ్ముతారు. బరంపురం ఠాకురాణీ యాత్రలో ఊరంతా పూనుకున్నట్టే ఇక్కడా ఊరు పూనుకుంటుంది. కంపెనీలు నడిపే పెద్ద పండుగల్లో ఇది కనిపించదు, ఒంటరిగా వెళ్ళినవారికి ధైర్యమిచ్చేదీ ఇదే.

టికెట్టు 2023లో 299 యూరోలు, 2024లో 333. యూరో వంద రూపాయలనుకున్నా 33 వేల పైమాటే. ఒక ఏడాది పండుగ ముగియగానే మరుసటి ఏడాది టికెట్లు అమ్మకానికి పెడతారు. 2024వి కొన్ని గంటల్లోనే అయిపోయాయి. అంటే వీసా వస్తుందో రాదో తేలకముందే, దాదాపు ఏడాది ముందు, డబ్బు పెట్టాలి. భారతీయ కార్డు ఆ గంటలో పని చేయకపోవడానికి మామూలు కారణం, విదేశీ లావాదేవీలు ఆపి ఉండటం. 2020 నుంచి రిజర్వు బ్యాంకు నిబంధన ప్రకారం కొత్త కార్డుల మీద ఇవి మనం ఆన్ చేసేదాకా పని చేయవు. బ్యాంకు యాప్‌లో ముందురోజే ఆన్ చేసి, పరిమితి పెంచి పెట్టుకోవాలి. వెళ్ళలేకపోతే పండుగవారి అధికారిక మారు అమ్మకం ద్వారానే వదిలించుకోవాలి. బయట దొరికే టికెట్టు కొనవద్దు.

ఇక వీసా. కావలసింది షెంగెన్ టూరిస్టు వీసా, అంటే జర్మనీ సహా ఐరోపాలోని చాలా దేశాలకి ఉమ్మడిగా చెల్లేది. ప్రయాణానికి 6 నెలల ముందు నుంచి దరఖాస్తు చేసుకోవచ్చు, కనీసం 15 రోజుల ముందైనా ఇవ్వాలి. 2024 జూన్ నుంచి రుసుము 90 యూరోలు, దాని మీద దరఖాస్తులు తీసుకునే సంస్థ వీఎఫ్‌ఎస్ సేవా రుసుము. వీసా రాకపోయినా ఇవి తిరిగిరావు. మామూలుగా 15 రోజుల్లో తేలుతుంది, కాగితాల్లో అనుమానం వస్తే 45 రోజుల దాకా సాగుతుంది. జులై చివరి పండుగకి ఫిబ్రవరి, మార్చిలోనే అపాయింట్‌మెంటు పట్టుకోవడం తెలివైన పని. ఏప్రిల్ నుంచి వేసవి టూరిస్టుల రద్దీ మొదలై తేదీలు దొరకవు. వేలిముద్రలకి మనిషి స్వయంగా వెళ్ళాలి. ఒకసారి ఇచ్చినవి 59 నెలలు పనికొస్తాయి. మనకి అందుబాటులో ఉన్న జర్మనీ కేంద్రాలు హైదరాబాదు, కోల్‌కతా. బరంపురం వాళ్ళకి రెండూ దూరమే, రాయగడ, జయపురం వాళ్ళకి హైదరాబాదు నయం. అపాయింట్‌మెంటు పెట్టేముందు మీ పాస్‌పోర్టు చిరునామాకి ఏ కేంద్రం చెల్లుతుందో వెబ్‌సైట్లో చూసుకోండి.

మనవాళ్ళ దరఖాస్తులు చిక్కుపడేది ఇంటిపేరు దగ్గర. పదో తరగతి సర్టిఫికెట్లో ఇంటిపేరు ఒక్క పొడి అక్షరం, ఆధార్‌లో పూర్తిగా, బ్యాంకులో ఒడియా ఉచ్చారణకి తగ్గ స్పెల్లింగు. ఊరి పేరూ అంతే, ఒక కాగితంలో బెర్హంపూర్, ఇంకోదాంట్లో బ్రహ్మపూర్. ఊరి పేరుకి ఒక వాక్యం వివరణ రాస్తే సరిపోతుంది. మనిషి పేరుకి సరిపోదు. పాస్‌పోర్టులో ఎలా ఉందో అక్షరం తేడా లేకుండా విమానం టికెట్టు, ఇన్సూరెన్సు, హోటల్, పండుగ టికెట్టు అన్నీ ఉండాలి. బ్యాంకు ఖాతాలో పేరు తేడా ఉంటే కేవైసీ ముందే సరిచేయించండి, వారాలు పడుతుంది. పాస్‌పోర్టుకి తిరుగు ప్రయాణం తర్వాత కనీసం 3 నెలల గడువు, రెండు ఖాళీ పేజీలు కావాలి. ఇన్సూరెన్సు 30,000 యూరోలకి తక్కువ కాకూడదు. తహసీలు కాగితాలు, పట్టాలు ఒడియాలో ఉంటే ఇంగ్లిషు అనువాదం జత చేయాలి.

ఒంటరిగా, పెళ్ళికాని, చిన్న ఊరి కుర్రాడో అమ్మాయో పాటల పండుగకి వెళ్తానంటే అధికారి చూసేది ఒక్కటే, తిరిగొస్తారా లేదా. ఉద్యోగమైతే సెలవు మంజూరు ఉత్తరం, జీతం చీటీలు, ఆదాయపు పన్ను రిటర్నులు. దుకాణమైతే జీఎస్టీ నమోదు, రిటర్నులు. బ్యాంకు స్టేట్‌మెంటు బ్యాంకు ముద్రతో ఉండాలి. దరఖాస్తుకి వారం ముందు మామయ్య ఖాతా నుంచి రెండు లక్షలు వచ్చి పడితే మేలుకన్నా కీడే ఎక్కువ. ఎంతోమంది తడబడే ఇంకో విషయం బస. టెంటులో ఉంటానంటే హోటల్ కాగితం ఉండదు కదా. వివరణ ఉత్తరంలో రోజువారీ పట్టిక రాయాలి: ఫలానా రాత్రులు హాంబర్గ్ హోటల్ (బుకింగ్ జత), ఫలానా రాత్రులు పండుగ స్థలంలో (స్థలం టికెట్టులోనే ఉందని చూపే కాగితం జత), ఒక్క రాత్రి కూడా ఖాళీగా వదలకుండా.

ప్రయాణంలో బలహీనమైన ముడి మన చివరే ఉంది. జులై ఆఖరంటే వానలు జోరుగా ఉండే కాలం. కోరాపుట్ కొండల రైలుమార్గంలో కొండచరియలు విరిగితే రాయగడ వైపు రైళ్ళు గంటలు గంటలు ఆగిపోతాయి. బరంపురం నుంచి కోణార్క్, విశాఖ, ఫలక్‌నుమా ఎక్స్‌ప్రెస్‌లు సికింద్రాబాదు చేరుస్తాయి, కానీ విమానం ఎక్కే రోజుకి ఒక పూర్తి రోజు ముందే హైదరాబాదులో దిగి ఉండాలి. విశాఖ నుంచి గానీ భువనేశ్వర్ నుంచి గానీ హైదరాబాదుకో ఢిల్లీకో వేరే టికెట్టు మీద విమానంలో వెళ్తే, మొదటిది ఆలస్యమై రెండోది తప్పినా విమాన సంస్థకి బాధ్యత లేదు. రెండూ ఒకే పీఎన్ఆర్ మీద తీసుకోండి. హైదరాబాదు నుంచి హాంబర్గ్‌కి దుబాయ్ మీదుగా ఎమిరేట్స్ సులువు, ఒకే చోట మారాలి. లుఫ్తాన్సా నేరుగా ఫ్రాంక్‌ఫర్ట్ దింపుతుంది, అక్కణ్ణుంచి హాంబర్గ్‌కి వేగపు రైలు నాలుగు గంటల పైచిలుకు. 2025 అక్టోబరు 12 నుంచి షెంగెన్ సరిహద్దులో వేలిముద్ర, ముఖం ఫోటో తీసుకునే కొత్త పద్ధతి మొదలైంది. ఫ్రాంక్‌ఫర్ట్‌లో వేరే విమానం మారేవారు మధ్యలో మూడు గంటలైనా ఉంచుకోవాలి. హాంబర్గ్ నుంచి ఇట్సెహో స్టేషనుకి ప్రాంతీయ రైలు సుమారు గంట. అక్కడ పండుగ బస్సులు సిద్ధంగా ఉంటాయి. ఈ బస్సుల ఏర్పాటుకి పూర్తి మార్కులు, జర్మన్ ఒక్క ముక్క రాకపోయినా జనం వెంట నడిస్తే చాలు.

స్థలం గురించి దాపరికం లేకుండా చెప్పాలి. అది పంటభూమి, వాన పడితే జిగటమట్టి. 2023లో ఎంత బురదయిందంటే సుమారు 50,000 మంది చేరాక గేట్లు మూసి, మిగిలినవారికి డబ్బు వాపసు ఇచ్చారు. అది నిర్వాహకుల నిజాయితీకి గుర్తే, కానీ ఏడు వేల కిలోమీటర్లు దాటి వెళ్ళినవారికి విమానం ఖర్చు ఎవరిస్తారు? అందుకే మొదటిరోజు సాయంత్రానికి కాకుండా గేట్లు తెరిచిన తొలిరోజుల్లోనే చేరిపోవాలి. వరి మళ్ళలో, సిమెంటు పనుల్లో వేసుకునే మోకాలి గమ్ బూట్లే అక్కడా అవసరం. ఒక సైజు పెద్దది, లోపల దళసరి ఉన్ని మేజోళ్ళు. బిగుతు బూటు తడిసిన పాదాన్ని రెండోరోజుకే బొబ్బలెక్కిస్తుంది.

టెంటు కొనేటప్పుడు వాటర్ కాలమ్ అంకె (గుడ్డ ఎంత నీటి ఒత్తిడికి ఆగుతుందో చెప్పేది) చూడండి, 2,000 మిల్లీమీటర్లకి తగ్గకుండా ఉంటే మంచిది. కింద పరిచే టార్పాలిన్ టెంటు అడుగుకన్నా నాలుగువేళ్ళు లోపలికే ఉండాలి. బయటికి వస్తే పైనుంచి జారిన నీళ్ళన్నీ దాని మీద చేరి టెంటు కిందికే పారతాయి. మేకులు చెక్-ఇన్ సామానులో పెట్టాలి. చలి సంగతి మన కోరాపుట్ వాళ్ళకి చెప్పనక్కర్లేదు గానీ, బరంపురం వాళ్ళు జులై అని మోసపోవద్దు. రాత్రి 10-12 డిగ్రీలకి దిగుతుంది. స్లీపింగ్ బ్యాగు మీద రాసిన కంఫర్ట్ ఉష్ణోగ్రత 10 డిగ్రీలో అంతకన్నా తక్కువో ఉండాలి. పొద్దు రాత్రి తొమ్మిదింబావు దాకా ఉంటుంది, తెల్లవారు ఆరులోపే వెలుతురొస్తుంది, కళ్ళకి గుడ్డ కట్టుకోకపోతే నిద్ర లేదు. ఒంటరివాళ్ళు టెంటులో పాస్‌పోర్టు, డబ్బు వదలకూడదు, చొక్కా కింద నడుముకి కట్టుకునే సంచి చాలు. గుడారాల మధ్య దారి తప్పడం మామూలే. టెంటు కర్రకి మన ఊరి రంగు గుడ్డ ఏదైనా కట్టి, దగ్గర్లోని దీపస్తంభం ఫోటో తీసుకోవాలి.

మోత దగ్గర రాజీ పడొద్దు. జర్మనీ ప్రమాణం డీఐఎన్ 15905-5 ప్రకారం శ్రోతలకి అరగంట సగటు 99 డెసిబెళ్ళు దాటకూడదు. అది తక్కువేం కాదు. 85 డెసిబెళ్ళు 8 గంటలు సురక్షితమనుకుంటే, ప్రతి 3 డెసిబెళ్ళకీ సమయం సగమవుతూ 100 దగ్గర 15 నిమిషాలే మిగులుతుంది. అక్కడ నాలుగు రోజులు, రోజుకి పది గంటలు. స్పాంజి ప్లగ్గులు చెవిని కాపాడతాయి గానీ పైశ్రుతుల్ని ఎక్కువ మింగేస్తాయి. సింబల్స్, గిటారు పదును పోయి అంతా దుప్పటి కప్పినట్టు వినిపిస్తుంది. వాద్యకారులు వాడే ఫిల్టర్ ప్లగ్గులు అన్ని శ్రుతుల్నీ ఇంచుమించు సమానంగా తగ్గిస్తాయి. 15-20 డెసిబెళ్ళు తగ్గించేవి రెండు జతలు తీసుకెళ్ళండి, ఒకటి బురదలో పడటం ఖాయం. శబ్దం బాగుండేది ముందు వరుసలో కాదు, శబ్ద నియంత్రణ గుడారం చుట్టుపక్కల. ఫాస్టర్, హార్డర్ వేదికలు పక్కపక్కనే ఉండి వంతులవారీగా నడుస్తాయి కాబట్టి రెంటి మధ్య నిలబడితే కదలకుండానే సాయంత్రమంతా చూడొచ్చు. సాంకేతికంగా వాకెన్ గొప్పతనమంతా ఈ అమరికలోనే ఉంది.

తిండి, డబ్బు సంగతి త్వరగా. లోపల చెల్లింపు చేతిపట్టీ చిప్పుతో. కొద్దికొద్దిగా నింపుకోండి. కార్డు యంత్రం రూపాయల్లోనా యూరోల్లోనా అనడిగితే యూరోలే ఎంచాలి, రూపాయలంటే అది వేసే మారకపు ధరలో నష్టం. గ్లాసుకి, సీసాకి డిపాజిట్ ఉంటుంది, మన గోలీసోడా సీసాలాగే తిరిగిస్తే డబ్బిస్తారు. శాకాహారులు ఫలాఫెల్ (శనగల వడలు), బంగాళాదుంప వేపుళ్ళు, చీజ్ పుట్టగొడుగులు పెట్టి కాల్చిన రొట్టెతో గడిపేయొచ్చు. రొట్టెలో పంది మాంసం ఉందేమో అడగాలి. ఇంటి నుంచి అటుకులు, చిక్కీ, బరంపురం పచ్చడి పట్టుకెళ్ళొచ్చు, పచ్చడి రెండు పొరల కవర్లో. ఛెనాపోడో, కోవా, నెయ్యి మిఠాయి మాత్రం వద్దు. పాలు, మాంసం పదార్థాల్ని ఐరోపా సమాఖ్య బయటినుంచి రానివ్వరు. పచ్చి కరివేపాకూ అంతే. గ్యాసు పొయ్యి డబ్బా ఏ సామానులోనూ చెల్లదు. పవర్ బ్యాంకు చేతిసామానులోనే, 100 వాట్-అవర్లలోపు. 20,000 ఎంఏహెచ్ అంటే 74 వాట్-అవర్లు, పరవాలేదు. మన రెండు పిన్నుల చార్జరు జర్మనీ సాకెట్టులో పడుతుంది, మూడు పిన్నులది పట్టదు. ఇంతమంది ఒకచోట చేరితే నెట్ మందగిస్తుంది, కార్యక్రమ పట్టిక ముందే ఫోనులో దించుకోండి.

ఒక హెచ్చరిక మాత్రం గట్టిగా: బుల్లెట్ బెల్టు (ఖాళీ తూటాలు గుచ్చిన నడుము పట్టీ) వేసుకుని గానీ కొనుక్కుని గానీ రావద్దు. ఖాళీ తూటా దొరికినా మన ఎయిర్‌పోర్టుల్లో ఆయుధ చట్టం కింద పోలీసు కేసు దాకా వెళ్తుంది. మెటల్ అభిమానులు వేసుకునే మేకుల పట్టీలు చెక్-ఇన్‌లో పెట్టాలి.

తిరుగు టికెట్టు ఆదివారానికి తీసుకునేవారు ఎక్కువ, అదే పొరపాటు. పండుగ శనివారం రాత్రి ముగుస్తుంది, ఆదివారం ఉదయం ఊరంతా ఒకేసారి ఇట్సెహో వైపు కదులుతుంది. పైగా జర్మనీలో ఆదివారం దుకాణాలు మూత, పెద్ద స్టేషన్లలోవి తప్ప. ఆ రోజు హాంబర్గ్‌లో గది తీసుకుని సోమవారం బయల్దేరండి. గదిలో టెంటు విప్పి ఆరబెట్టండి. తడి టెంటు, బురద బూట్లు కలిసి రెండు మూడు కిలోలు పెంచేస్తాయి, అది అదనపు సామాను రుసుముగా ఎయిర్‌పోర్టు కౌంటర్లో తేలుతుంది.