నల్లగొండలో చెల్లి పెళ్లి: చర్చి కాగితాలు, గద్వాల చీర, లాడ్జి బిల్లు

మాది మహబూబ్‌నగర్, అబ్బాయిది నల్లగొండ. ఇద్దరూ కథోలికులే. వేరే క్రైస్తవ సంఘం వాళ్లయితే బిషప్‌గారి అనుమతి అనీ, ఇంకోటనీ తిరగాల్సి వస్తుంది, మనకా బాధ లేదని ఇంట్లో అందరూ నిశ్చింతగా ఉన్నారు. నిజంగానే చర్చి వైపు నుంచి ఏ ఇబ్బందీ రాలేదు. వచ్చిందల్లా నల్లగొండలో మేం దిగిన లాడ్జి దగ్గర. ఆ సంగతి చెప్పడానికే ఇది మొదలుపెట్టాను గానీ, ముందు కాగితాల పని చెప్తాను. ఈ ఏడాది ఇంట్లో పెళ్లి పెట్టుకున్న వాళ్లకు అదే ఎక్కువ పనికొస్తుంది.

మొదట కావలసింది జ్ఞానస్నాన పత్రం, అంటే బాప్టిజం సర్టిఫికెట్. నాన్న బీరువాలోంచి లామినేషన్ చేయించిన పాతది తీసి ఫాదర్ ముందు పెట్టాడు. అది చెల్లదు. ఆరు నెలల లోపు తీసుకున్నది కావాలి. ఎందుకంటే, కథోలికులకు ఎక్కడ పెళ్లయినా ఆ వార్త జ్ఞానస్నానం జరిగిన విచారణకు (ఒక ఫాదర్ చూసుకునే చర్చి పరిధిని అలా అంటారు) చేరుతుంది. అక్కడి రిజిస్టర్‌లో ఆ పేరు పక్కన మార్జిన్‌లో పెళ్లి వివరం ఎక్కిస్తారు. కొత్త పత్రం రాసేటప్పుడు ఆ మార్జిన్ చూసి రాస్తారు కాబట్టి, ఇదివరకు పెళ్లి కాలేదని దానితోనే రుజువవుతుంది. పాత పత్రం ఎంత భద్రంగా దాచినా ఆ మాట చెప్పలేదు.

చెల్లికి జ్ఞానస్నానం ఇప్పించింది కల్వకుర్తి వైపు ఒక పల్లెలో. నాన్న అప్పుడు అక్కడ టీచరు. ఫాదర్ లేరు, ఆయన తరఫున ఊళ్లో ప్రార్థనలు, పాఠాలు చూసే ఉపదేశి తాత ఉన్నాడు. అట్ట ఊడిపోతే గోనె దారంతో కుట్టిన పొడుగాటి రిజిస్టర్ తెచ్చి, అద్దాలు సర్దుకుని, ఒక్కో వరుస మీద వేలు జరుపుతూ పోయాడు. ఏడాది దొరికింది, నెల దొరికింది, పేరు దొరకలేదు. అమ్మకు చెమటలు పట్టాయి. చివరికి నాన్న పేరు పట్టుకుని వెతికితే తేలింది. రిజిస్టర్‌లో చెల్లి పేరు తెరేస. ఆ పేరుతో ఇంట్లో ఎవరం ఎప్పుడూ పిలవలేదు, ఆధార్‌లో అంతకన్నా లేదు. సాయంత్రం ఫాదర్ వచ్చాక రెండు పేర్లూ ఒకరివేనని లెటర్‌హెడ్ మీద రాసి స్టాంపు వేసి ఇచ్చారు. పత్రానికి 100 రూపాయలు, దానికీ రసీదు. మీ ఇంట్లో కూడా పునీతుల పేరొకటి, బడి పేరొకటి ఉంటే ఈ లెటర్ అదే రోజు అడిగి తీసుకోండి.

తర్వాత ప్రకటనలు. ఫలానా ఇద్దరికీ పెళ్లి, అభ్యంతరం ఉన్నవాళ్లు ఫాదర్‌కు చెప్పాలని రెండు విచారణల్లోనూ మూడు ఆదివారాలు చర్చి పూజలో చదువుతారు. మొదటి ఆదివారం చదివినతను మా ఇంటిపేరు తప్పు పలికాడని అమ్మ రెండు రోజులు ముభావంగా ఉంది. ఈస్టర్‌కు ముందు ఉపవాసాల రోజులైన తపస్సుకాలంలో మావైపు పెళ్లిళ్లు పెట్టుకోరు. దాంతో ఈస్టర్ తర్వాత తేదీలకు అందరూ ఎగబడతారు. మాకు దొరికింది ఒక బుధవారం, ఉదయం పదిన్నర. పన్నెండున్నరకు వేరేవాళ్ల పెళ్లి ఉంది, ఆలస్యం కాకూడదని ముందే చెప్పారు.

పెళ్లి శిక్షణ నల్లగొండలోనే, శుక్రవారం నుంచి ఆదివారం దాకా. జంటకు 1,600, భోజనం, బస కలిపి. అబ్బాయిలకు ఒక హాలు, అమ్మాయిలకు ఒక హాలు. చెల్లిని ఒంటరిగా పంపనని అమ్మ పట్టుబట్టడంతో నేనూ వెళ్లాను. మహబూబ్‌నగర్ నుంచి జడ్చర్ల, కల్వకుర్తి, దేవరకొండ మీదుగా నల్లగొండ. పల్లె వెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో 2023 డిసెంబర్ నుంచి ఆడవాళ్లకు టికెట్ లేదు కదా, ఆధార్ చూపిస్తే జీరో టికెట్ కొట్టి ఇస్తారు. డీలక్స్ ఎక్కితే మాత్రం డబ్బులు కట్టాలి. ఈ పథకం వచ్చినప్పటి నుంచి మా పెద్దమ్మ ఇంట్లో నిలవడం లేదు. అడగకుండానే మాతో బయల్దేరింది. దారంతా తన పెళ్లి కథే: “మా లగ్గమప్పుడు నల్లగొండకు బిషపే లేడు, శిక్షణ లేదు, ఏం లేదు. ఫాదర్ నాలుగు ప్రశ్నలడిగిండు, అయిపాయె.” నల్లగొండ మేత్రాసనం, అంటే బిషప్ పరిధి, వచ్చింది 1976లో. పెద్దమ్మ పెళ్లి అంతకు ముందే, కాబట్టి ఆమె మాట కొట్టిపారేయలేం.

శిక్షణలో ఒక ఫాదర్ వివాహ చట్టాలు చెప్పారట, ఒక డాక్టరమ్మ పిల్లల గురించి, ఒక నడివయసు జంట జీతం డబ్బుల గొడవల గురించి. చెల్లికి ఆ చివరిదే బాగా నచ్చింది. నాకు నచ్చింది అక్కడి సిస్టర్ల (కన్యస్త్రీల) వంటిల్లు. శుక్రవారం, అదీ తపస్సుకాలం, మాంసం ఉండదు, ఏం పెడతారులే అని కూర్చున్నాం. వేడి జొన్నరొట్టె, చింతచిగురు పప్పు, ఎండుమిరపకాయ కాల్చి నలిపిన పచ్చిపులుసు, పక్కన వేయించిన పల్లీలు. చింతచిగురు ఆ ఆవరణలోని చెట్టుదే. పొద్దున ఇద్దరు పిల్లలు కొమ్మ వంచి కోస్తుంటే చూశాను. పప్పులో చిగురు నలగకుండా, ఆకు ఆకుగా పంటికి తగులుతోంది. ఎవరి వంటకూ ఒక పట్టాన మెచ్చని పెద్దమ్మ మూడో రొట్టె అడిగింది. మా ఇద్దరికీ అతిథుల గది ఇచ్చారు, రాత్రికి 250. ఏసీ లేదు. కానీ ఉతికిన దుప్పటి, తలుపుకు పనిచేసే గడియ, పొద్దున ఐదింటికే బకెట్ వేడినీళ్లు ఉన్నాయి.

చీరకు గద్వాల వెళ్లాం, రైల్లో. పెళ్లికూతురికి తెల్లచీర అంటే చెల్లి ఒప్పుకుంది, అమ్మ ఒప్పుకోలేదు. చుట్టుపక్కల వాళ్లు ఏమంటారోనని ఆమె బాధ. నేతగాళ్ల ఇంట్లో గంటసేపు చీరలు పరిపించి, చివరికి ఎర్ర అంచున్న హాఫ్‌వైట్ దగ్గర రాజీ కుదిరింది. గద్వాల చీరకు ఒళ్లంతా నూలు, అంచూ కొంగూ పట్టు, రెండింటినీ మగ్గం మీదే కలుపుతారు. కుప్పడం అంటారు దాన్ని. చీర తిరగేసి అంచు దగ్గర ఆ కలిపిన చోటు చూడండి. చూపించడానికి అమ్మేవాడు వెనకాడితే లేచి వచ్చేయండి. మాకు 9,200 పడింది. ఇలాంటిదే మా ఊరి షాపులో 13,500 చెప్పారు. అగ్గిపెట్టెలో పట్టే చీర అని ప్రతివాడూ చెప్తాడు, ఆ మాటకు పైసా ఎక్కువ ఇవ్వొద్దు. పుస్తె, మెట్టెలు, ఉంగరాలు మహబూబ్‌నగర్‌లోనే తీసుకున్నాం.

ఇక లాడ్జి. పెళ్లికి ముందురోజు సాయంత్రం జంటకు పాపసంకీర్తనం (ఫాదర్ దగ్గర తప్పులు ఒప్పుకోవడం), చర్చిలో రిహార్సల్ ఉంటాయి కాబట్టి రాత్రి నల్లగొండలో ఉండక తప్పదు. సిస్టర్ల దగ్గర ఆ వారం గదులు లేవు. ఫోన్‌లో మాట్లాడి ఒక లాడ్జిలో నాలుగు ఏసీ గదులు తీసుకున్నాం. గది 1,400, ఇరవై నాలుగు గంటల చెకౌట్, 2,000 అడ్వాన్స్. ఫోన్ ఎత్తినతను ఎంత మర్యాదగా మాట్లాడాడంటే, నాన్న అతన్ని పెళ్లికి కూడా పిలిచాడు.

సాయంత్రం ఏడింటికి దిగాం. ఏసీ రిమోట్‌లు గదుల్లో లేవు, కౌంటర్ దగ్గర అడిగి తెచ్చుకోవాలి. రిమోట్‌కు వంద డిపాజిట్. మా బాత్రూంలో మగ్గు ఉంది, బకెట్ లేదు. వేడినీళ్లు ఆరు నుంచి ఏడున్నర వరకే అని గోడ మీద కాగితం. నాలుగు గదుల్లో పదిమంది ఆడవాళ్లం, అందులో ఒకరు పెళ్లికూతురు. పెద్దమ్మ నాలుగున్నరకే లేచి కారిడార్‌లో తిరుగుతూ వరుస నంబర్లు ఇచ్చింది.

ఎనిమిదిన్నరకు తలుపు కొట్టారు. లోపల చెల్లి స్టూలు మీద కూర్చుని ఉంది. బ్యూటీషియన్ నోట్లో నాలుగు పిన్నులు పెట్టుకుని తలమీద ముసుగు నిలబెడుతోంది. బయట కుర్రాడు, “తొమ్మిదికి ఖాళీ చేయాలి మేడం, లేదంటే ఇంకోరోజు కిరాయి” అన్నాడు. కిందికి వెళ్లి ఇరవై నాలుగు గంటల మాట ఎత్తితే, కౌంటర్‌లో మనిషి వెనక బోర్డు చూపించాడు. క్యాలెండర్ సగం కప్పేసిన బోర్డు. ఉదయం 9 గంటలు అని ఉంది. ఫోన్‌లో చెప్పింది ఎవరంటే, ఆ అబ్బాయి మానేశాడట, నిన్ననే.

నాన్న గొడవపడే మనిషి కాదు. పెద్దమ్మ పడే మనిషే గానీ, పదిన్నరకు చర్చిలో ఉండాలి. సగం రోజు కిరాయి దగ్గర తెగింది. బిల్లు ఇలా వచ్చింది: గదులు 5,600, సగం రోజు 2,800, రెండు పరుపులకు 600, జీఎస్టీ అని 18 శాతం 1,512. మొత్తం 10,512. బిల్లు మీద జీఎస్టీ నంబర్ లేదు. 7,500 లోపు కిరాయి గదికి 18 శాతం పన్ను అసలు లేనే లేదు. నల్లగొండలో గది తీసుకునే వాళ్లకు నేను చెప్పేదొకటే: చెకౌట్ టైమూ, పన్నుతో కలిపి కిరాయీ వాట్సాప్‌లో రాయించుకున్నాకే అడ్వాన్స్ పంపండి.

పెళ్లి చక్కగా జరిగింది. ఫాదర్ ప్రసంగం పన్నెండు నిమిషాల్లో ముగించారు. పూజయ్యాక రిజిస్టర్‌లో జంట, ఇద్దరు సాక్షులు సంతకాలు పెట్టారు. సర్టిఫికెట్ మూడో రోజు చేతికొచ్చింది, 200. పాస్‌పోర్టుకు అవసరమని ఇంకో కాపీ కూడా తీసుకున్నాం.

ఇంటికొచ్చాక వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి బిల్లు ఫొటో పంపాను. కొన్నాళ్లకు లాడ్జి నుంచి ఫోనొచ్చింది. ఈసారి మాట్లాడింది ఓనరే. జీఎస్టీ పేరుతో తీసుకున్న 1,512 ఫోన్‌పే చేశాడు, సగం రోజు కిరాయి మాత్రం ఇవ్వనన్నాడు. ఈ సంగతి పెద్దమ్మకు చెప్పొద్దని అమ్మ మా అందరి దగ్గరా మాట తీసుకుంది. తెలిస్తే ఆ 2,800 వసూలు చేయడానికి రేపే నల్లగొండ బస్సెక్కుతుంది. టికెట్ కూడా లేదాయె.