ఎదిగే చెట్టు లాభం: ఏటా రాయాలా, అమ్మినప్పుడా?

శ్రీగంధం, టేకు, జామాయిలు తోటలు పెట్టినవాళ్లు మార్చి నెల వస్తే నన్ను అడిగేది ఒకటే: "చెట్టు పెరిగింది కదండీ, ఈ ఏడు లాభం రాయొచ్చా?" పోయిన నెల ఒక భాగస్వామ్య సంస్థ శ్రీగంధం తోటకు నేనే ఈ సంగతి తేల్చాల్సి వచ్చింది.

ఒక లెక్క అనుకుందాం. జామాయిలు వేయడానికి 6 లక్షలైంది. రెండో ఏడాది చివర తోట విలువ 10 లక్షలు, మూడో ఏడు 16, నాలుగో ఏడు కొట్టి అమ్మితే 24. ఏటా విలువ కడితే లాభం 4, 6, 8 లక్షలుగా వస్తుంది. అమ్మినప్పుడే రాస్తే మూడేళ్లు సున్నా, నాలుగో ఏడు ఒకేసారి 18.

వ్యవసాయ ఆస్తుల లెక్కలకు ఇండ్ ఏఎస్ 41 అనే అకౌంటింగ్ స్టాండర్డ్ ఉంది. అది వర్తించే పెద్ద కంపెనీలు ఏటా ఫెయిర్ వాల్యూ, అంటే ఆ రోజు మార్కెట్లో వచ్చే విలువ, కట్టాల్సిందే. నమ్మదగిన ధర దొరకదని మొదట్లోనే చూపగలిగితే తప్ప ఖర్చు ధరకు ఉంచడం కుదరదు. ఆ స్టాండర్డ్ కిందకు రాని చిన్న సంస్థలకు రాబడి లెక్కల స్టాండర్డ్ ఏఎస్ 9 ఉంది. అందులో అటవీ ఉత్పత్తుల సహజ పెరుగుదలను రాబడిగా లెక్కించరు.

నా దృష్టిలో అసలు ప్రశ్న వేరే: నిలబడి ఉన్న చెట్టుకు ఈ రోజు ధర చెప్పే వాడున్నాడా? జామాయిలుకు ఉన్నాడు. పేపరు మిల్లులు టన్నుల లెక్కన కొంటాయి, చుట్టుకొలతలు తీస్తే ఎన్ని టన్నులొస్తుందో దాదాపు తెలిసిపోతుంది. శ్రీగంధం అలా కాదు. దాని ధరంతా లోపలి చేవలో ఉంటుంది. మొదట చెప్పిన భాగస్వామ్య సంస్థ తోట ఎనిమిదో ఏట ఉంది. ఒకే లావున్న రెండు చెట్లకు నా ముందే బర్మాతో రంధ్రం వేశారు. ఒకదాని పొట్టు చివర్లో గోధుమ రంగుకు తిరిగి, ముక్కు దగ్గర పెట్టుకుంటే సన్నగా వాసనొచ్చింది. రెండోదాని పొట్టు చివరిదాకా తెల్లగానే ఉంది, వాసనే లేదు. ఈ రెండింటికీ ఒకే ధర కట్టి లాభం అని రాయడానికి నాకు చేయి రాలేదు.

ఏటా విలువ కట్టడంలో న్యాయం లేకపోలేదు. ఏడో ఏట ఒక భాగస్వామి తప్పుకుంటే, ఖర్చు లెక్క ప్రకారం అతని ఏడేళ్ల ఓపికకు దక్కేది ఏమీ ఉండదు. అందుకే ఆ సందర్భానికి విడిగా విలువ కట్టించాలని భాగస్వామ్య పత్రంలో రాయించాను. ఖాతాల్లో మాత్రం ఖర్చు ధరే ఉంచాను. చెట్ల సంఖ్య, చుట్టుకొలత ఏటా వివరాల్లో ఇస్తాం.

కంపెనీలవాళ్లు ఇంకొకటి గుర్తుంచుకోవాలి. కంపెనీల చట్టం 2013, సెక్షన్ 123 ప్రకారం చేతికి రాని లాభాన్ని డివిడెండుకు లెక్కలోకి తీసుకోకూడదు. ఏటా లాభం చూపినా పంచుకునే వీలుండదు, వాటాదారుల ఆశ మాత్రం పెరుగుతుంది.

ఆయిల్ పామ్‌ను కొట్టి అమ్మరు, గెలలు కోసుకుంటారు కాబట్టి దానికి ఈ టెన్షన్ తక్కువ. ఇండ్ ఏఎస్‌లో చెట్టు యంత్రంలాగా స్థిరాస్తి కిందకు వెళ్లి తరుగుదల పడుతుంది. గెలలకే విలువ కడతారు.