పాత మందిరం బాగు చేయిస్తున్నారా? సిమెంటు గిలాబు దగ్గర జాగ్రత్త

అందరికీ వందనాలు. కోనసీమలో గానీ, నరసాపురం, పాలకొల్లు వైపు గానీ పాత చర్చి బాగు చేయించాలనుకుంటున్న సంఘ పెద్దలెవరైనా ఉంటే కాంట్రాక్టరుకి అడ్వాన్స్ ఇచ్చే ముందు దయచేసి ఇది చదవండి.

మాది గానుగ సున్నంతో, అంటే సున్నం, ఇసుక కలిపి గానుగలో రుబ్బిన పాతకాలపు అడుసుతో కట్టిన ఇటుక గోడల మందిరం. 1996 నవంబరు తుఫానుకి మా పేటలో తాటాకిళ్లు లేచిపోతే ఏ మతమని చూడకుండా జనమంతా తలదాచుకున్నది అందులోనే. అందుకే ఈసారి ఆరాధనకే కాదు, చుట్టుపక్కల అందరికీ పనికొచ్చేలా చేయిద్దామనుకున్నాం. వరదొస్తే వండి పెట్టడానికి వంటషెడ్డు, మరుగుదొడ్లు, పెద్దవాళ్ల కోసం ర్యాంపు, సాయంత్రాలు పిల్లలు చదువుకోడానికి వెనక హాలు. డబ్బంతా కానుకలదే, కూలికెళ్లేవాళ్లు ఇచ్చింది, గల్ఫ్ వెళ్లిన మా పిల్లలు పంపింది.

కాంట్రాక్టరు పాత సున్నం గిలాబంతా కొట్టించేసి, సిమెంటు పూయించి, పైన వాటర్‌ప్రూఫ్ పెయింటు వేసి ఇక ఇరవై ఏళ్లు చూడక్కర్లేదన్నాడు. ఒక్క వానాకాలం దాటేసరికి నడుమెత్తు దాకా తెల్లగా ఉప్పు పూసింది, పెయింటు బుడగలు లేచింది, గిలాబు పెచ్చులూడి బెంచీల మీద పడుతోంది. అడిగితే మీ గోడల్లోనే చవుడుందన్నాడు, ఇప్పుడైతే ఫోనే ఎత్తట్లేదు.

చవుడు ఉన్న మాట నిజమే, అది తెలిసే కదా పని ఒప్పుకోవాల్సింది! మన డెల్టాలో కొంచెం తవ్వితే నీళ్లు, సముద్రం వైపు వెళ్లేకొద్దీ ఉప్పు, దానికి తోడు రొయ్యల చెరువులు. పాత గోడలకి పునాది మీద చెమ్మనాపే పొర సాధారణంగా ఉండదు కాబట్టి నీరు ఇటుకల్లోంచి పైకి పాకుతుంది. సున్నం గిలాబు ఆ చెమ్మని బయటికి వదిలేస్తుంది. సిమెంటు, దాని మీద పెయింటు కలిసి లోపలే బిగించేస్తాయి, అప్పుడు చెమ్మ ఇంకా పైకెక్కుతుంది, ఉప్పు పేరుకుని ఇటుకనే పొడి పొడి చేస్తుంది. ఎంత ఖరీదైన పుట్టీ పెట్టినా అంతే.

ర్యాంపు ఇంకో బాధ. అడుగు ఎత్తుకి 12 అడుగుల పొడవుండాలి, అంటే మా మూడడుగుల అరుగుకి 36 అడుగులు. అతను 15 అడుగుల్లో లేపేశాడు. వీల్‌చైర్ సంగతి అటుంచండి, కర్ర పట్టుకున్న మామ్మగార్లే ఎక్కలేకపోతున్నారు. వంటషెడ్డు స్తంభాలకి ఉప్పిసుక దింపితే మా కుర్రాళ్లు గమనించి ఆపించారు, లేకపోతే లోపల రాడ్లు తుప్పు పట్టేవి.

ఎవరితో మాట్లాడినా, వాళ్లు చేసిన పాత సున్నం కట్టడం ఒకటి చూపించమనండి, అదీ వానలు పడ్డాక వెళ్లి చూడండి. గోడకి ఏం పూస్తారో ఎస్టిమేట్‌లో రాయించుకోండి. చివరి వాయిదా వానాకాలం గడిచాకే ఇవ్వండి, దీనికి ఒప్పుకోనివాళ్లకి పని ఇవ్వొద్దు.

మేం కింది భాగం సిమెంటంతా తీయించి ఎండాకాలం గోడలు ఆరనిస్తున్నాం. గానుగ సున్నం పని తెలిసిన తాపీమేస్త్రి రాజోలు, అమలాపురం చుట్టుపక్కల ఎవరైనా ఉంటే చెప్పండి, వానలు మొదలయ్యేలోపు పని అయిపోవాలి.