రీగా వెళ్తే బ్రాల్యు కపికి ఒక పూట ఉంచుకోండి

లాత్వియా రాజధాని రీగా వెళ్లేవాళ్లు ఎక్కువగా పాత నగరం, సెంట్రల్ మార్కెట్ చూసి వచ్చేస్తారు. నన్నడిగితే, బ్రాల్యు కపి సైనిక శ్మశానం చూడకుండా రావద్దు. ఊరి శివారు పేట మెజాపార్క్స్ వైపు వెళ్లే 11వ నంబరు ట్రామ్ దగ్గర్లోనే దింపుతుంది. టికెట్ ముందే కొనుక్కుంటే టెన్షన్ ఉండదు. లోపలికి వెళ్లడానికి డబ్బు కట్టక్కర్లేదు.

1915లో రష్యా సైన్యంలో లాత్వియన్ రైఫిల్ దళాలు ఏర్పడ్డాయి. ఆ ఏడాదే మొదటి ప్రపంచయుద్ధంలో పోయిన వాళ్లను ఇక్కడ ఖననం చేయడం మొదలైంది. ఇప్పుడు దాదాపు 2000 మంది ఇక్కడే ఉన్నారు. పేరు తెలియని సైనికుల రాళ్ల దగ్గర నాకు కాళ్లు కదల్లేదు. ఏ ఊరి పిల్లాడో, ఇంట్లోవాళ్లకు కబురైనా అందిందో లేదో!

1924 నుంచి 1936 వరకు కట్టిన ఈ స్మారకానికి శిల్పి కార్లిస్ జాలే. ఊళ్లోని స్వేచ్ఛా స్మారకం కూడా ఆయనదే. ద్వారం దాటాక రెండు వైపులా చెట్లున్న పొడవాటి బాట, తర్వాత అఖండ జ్యోతి, ఆ తర్వాత సమాధులు. అన్నిటికీ చివర, కొడుకులను పోగొట్టుకున్న తల్లి రూపంలో లాత్వియా మాత నిలబడి ఉంటుంది. గబగబా నడిస్తే అరగంటలో అయిపోతుంది, కానీ అలా చూడకండి.

వీలైతే నవంబర్ 11కి వెళ్లండి. 1919లో బెర్మోంట్ సేనను (జర్మన్లు, రష్యన్లు కలిసిన సేన) రీగా నుంచి తరిమిన రోజది. లాత్వియా వీరగాథలోని నాయకుడి పేరు మీద దాన్ని లాచ్‌ప్లేసిస్ దినం అంటారు. సాయంత్రం రీగా కోట గోడ పొడవునా జనం దీపాలు పెడతారు. చిన్నపిల్లలను కూడా వెంట తెస్తారు. చలికి గ్లవ్స్ తప్పనిసరి.

బస మెజాపార్క్స్‌లో ప్రశాంతంగా ఉంటుంది. అయినా కోట గోడకు నడిచి వెళ్లేలా పాత నగరం అంచున దిగడమే నయం. మేం దిగిన అపార్ట్‌మెంట్‌లో హీటర్ పని చేయలేదు, ఫోన్ చేసినా ఎవరూ రాలేదు. గది తీసుకునే ముందు ఆ సంగతి అడగండి.

శ్మశానానికి ముందు పౌడర్ టవర్ అనే పాత బురుజులోని యుద్ధ మ్యూజియం చూస్తే సమాధుల కథ అర్థమవుతుంది. అది కూడా ఉచితమే. 1917 జనవరిలో (అప్పటి రష్యా పాత క్యాలెండర్‌లో క్రిస్మస్ రోజులు) లాత్వియన్ రైఫిల్ దళాలు పోరాడిన క్రిస్మస్ యుద్ధాల మ్యూజియం రీగా బయట మంగళిలో ఉంది. కారు దొరికితే నేను మొదట అక్కడికే వెళ్తాను. లెస్తెనేలో రెండో ప్రపంచయుద్ధంలో పోయిన లాత్వియన్ లెజియన్ సైనికుల శ్మశానం ఉంది. ఆ లెజియన్ నాజీ జర్మనీ సాయుధ దళం వాఫెన్ ఎస్ఎస్ కింద పోరాడింది. చాలామందిని బలవంతంగా చేర్చారు. అదే యుద్ధంలో అవతలి వైపు, సోవియట్ సైన్యంలో పోరాడి చనిపోయిన లాత్వియన్లూ ఉన్నారు. అక్కడికి వెళ్లేవాళ్లు ఈ చరిత్ర కాస్త చదువుకుని వెళ్లాలి.