లెనిన్ సెంటర్ పాత పుస్తకాల షాపు, రైల్వే లెక్కల పిచ్చోళ్ళకి మాత్రం

బెజవాడ లెనిన్ సెంటర్‌లో వరసగా ఉండే పాత పుస్తకాల షాపుల్లో చివరివైపు ఒక చిన్నది ఉంది, సరిగ్గా బోర్డు కూడా లేదు, బయటంతా ఎంసెట్ మెటీరియల్, గ్రూప్స్ గైడ్లు, ఇంటర్ టెస్ట్ పేపర్లు, అది చూసి మనకి పనికొచ్చేది ఏముంటదిలే అని ఆర్నెల్లు దాని ముందునించే వెళ్ళిపోయా. మొన్న వానకి తలదాచుకోడానికి లోపలికెళ్తే వెనక రాక్‌లో కింది అర మొత్తం రైల్వే సరుకే. ఇది రైల్వే ఊరు కదా, రిటైరైన పెద్దాళ్ళు పోయాక ఇంట్లోవాళ్ళు కాటాకేసేస్తారు, అయన్నీ తిరిగి తిరిగి ఇక్కడికొస్తాయి. పాత టైమ్ టేబుళ్ళు, రూల్ బుక్కులు, ఇంజన్ మాన్యువళ్ళు. నాకు కావాల్సింది మాత్రం రైల్వే బోర్డు ఏటా వేసే రిపోర్టులో రెండో భాగం, అంటే కబుర్లేం ఉండవు, పట్టికలే పట్టికలు. 1930ల నాటివి రెండు దొరికాయి!

ఎందుకీ పిచ్చి అంటే మా తాతయ్య వల్ల. లోకో షెడ్‌లో చేసి రిటైరయ్యాడు, ఎప్పుడు రైలు లేటైనా ఒకటే మాట, "కంపెనీ రోజుల్లో రూపాయి వస్తే అర్ధరూపాయి మిగిలేదిరా, ఇప్పుడు రెండు పైసలు మిగలట్లా" అని. కంపెనీ రోజులంటే రైళ్ళని ప్రైవేటు రైలు కంపెనీలు నడిపిన కాలం. రెండో సగం నిజమే, 2017-18లో వంద రూపాయలు సంపాదించడానికి రైల్వే 98.44 ఖర్చు పెట్టిందని కాగ్ రాసింది. మొదటి సగం సంగతి తేలుద్దామనే ఈ తవ్వకాలు.

పట్టికలు చూస్తే భలే ఉంటాయి. లైను మరమ్మతులకి ఇంత, ఇంజన్లకి ఇంత, బోగీలు వ్యాగన్లకి ఇంత, ట్రాఫిక్ సిబ్బందికి ఇంత, ఆఫీసు ఖర్చులు ఇంత అని కంపెనీవారీగా విడగొట్టి, రైలు ఒక మైలు నడిస్తే ఎంతయిందో, టన్ను సరుకు ఒక మైలు మోస్తే ఎంతొచ్చిందో కూడా వేశారు. కానీ ఇక్కడే బోల్తా పడతాం, నేనూ పడ్డా. ఆ నడిపే ఖర్చులో పెట్టుబడి మీద వడ్డీ ఉండదు! పాత కంపెనీలకి 1849 ఒప్పందాల నించీ పెట్టుబడి మీద ఏటా నూటికి 5 దాకా ప్రభుత్వ గ్యారంటీ, లైను అంత సంపాదించకపోతే తేడా మన పన్నుల్లోంచి కట్టేవాళ్ళు. అసలు 1889లో హైదరాబాద్ వైపు నించి బెజవాడకొచ్చిన లైను పేరే నిజామ్స్ గ్యారంటీడ్ స్టేట్ రైల్వే, పేరులోనే గ్యారంటీ పెట్టుకుంది. ఖర్చు సగమే చూపించి మిగతా సగం మిగిలిందంటే అది మిగులు కాదు తాతయ్యా, అందులోంచి లండన్ వాటాదార్లకి పోవాల్సింది పోయాకే చూడాలి.

ఇంకో తిరకాసు, మన మద్రాస్ అండ్ సదరన్ మరాఠా (ఎం.ఎస్.ఎం.) కంపెనీ 1908లో ఏర్పడే నాటికి లైన్లు చాలావరకు ప్రభుత్వానివే, కంపెనీ నడిపిపెట్టి వాటా తీసుకునేదన్నమాట, కాబట్టి "కంపెనీ లాభం" అన్నప్పుడు ఎవరి లాభమో ముందు అడగాలి. ఇంకా వెనక్కెళ్తే రూపాయి గొడవ (అప్పట్లో ఇంగ్లండు లెక్క, 12 పెన్నీలు ఒక షిల్లింగు, 20 షిల్లింగులు ఒక పౌండు). 1870ల మొదట్లో దాదాపు 2 షిల్లింగులు పలికిన రూపాయి 1890ల మధ్యకొచ్చేసరికి 1 షిల్లింగు 2 పెన్నీల లోపుకి పడింది, వసూళ్ళేమో రూపాయల్లో, కట్టాల్సిన వడ్డీ పౌండ్లలో, రెండు కాలాల అంకెలు పక్కపక్కన పెట్టి పోల్చామా అయిపోయాం. సింగరేణి పక్కనే ఉన్న నిజాం లైనుకీ, బొగ్గు ఎక్కడో దూరం నించి తెచ్చుకునే లైనుకీ ఇంధనం ఖర్చు ఒకే కాటాలో తూచడం కూడా కుదరదు.

సరే షాపు సంగతికొద్దాం. ఓనరు గారు మంచాయన, స్టూలేసి కూర్చోబెట్టి గంటన్నర చదువుకోనిచ్చాడు, మధ్యలో టీ కూడా తెప్పించాడు. రేటు మాత్రం మొహం చూసి చెప్తాడు. "ఎంతండి బాబాయ్ గారూ" అంటే "ఇన్నాళ్ళూ ఎవరూ ముట్టుకోలా సార్, మీరు రెండోసారి వచ్చారంటే పెంచాల్సిందే" అని నవ్వుతూనే రెండూ కలిపి 900 అన్నాడు, బేరమాడితే 650కి ఇచ్చాడు. ఒకదానికి చెదలు కొట్టింది, చివరి పది పేజీలు లేవు, ఇంటికొచ్చాక చూసుకున్నా, తప్పు నాదే. దుమ్ము విపరీతం, ఆస్తమా ఉన్నోళ్ళు మాస్క్ లేకుండా వెళ్ళొద్దు. కార్డులు తీసుకోరు, ఫోన్‌పే ఉంది. నా వరకు నాలుగు స్టార్లు, చెదలకి ఒకటి కట్.

జిరాక్స్ మాత్రం ఇంకెక్కడైనా తీయించుకోండి. నేను దగ్గర్లో ఒక షాపులో ఇస్తే మడతపెట్టిన పెద్ద పట్టికలు విప్పకుండానే తీసేశాడు, కుడివైపు చివరి గడి మొత్తం కట్టైపోయింది, నాకు కావాల్సిన నికర ఆదాయం ఉండేది సరిగ్గా అక్కడే. అడిగితే "పేజీ అంతే ఉంది సార్" అంటాడు. చివరికి ఫోన్‌తో నేనే ఫొటోలు తీసుకున్నా.

1860ల నించి ఉన్న పాత రిపోర్టులైతే ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఉచితంగానే చాలా ఉన్నాయి, వాటికోసం ఎండలో తిరగొద్దు. ఎం.ఎస్.ఎం. కంపెనీని ప్రభుత్వం 1944లో తీసుకుంది కదా, అంతకు ముందు ఆ కంపెనీ వేసిన సొంత లెక్కల పుస్తకాలేమన్నా వస్తే నాకు పక్కన పెట్టమని ఓనరు గారికి చెప్పి వచ్చా. మీరెవరన్నా ముందెళ్తే మిగతావి ఏం కావాలన్నా తీసుకోండి, అవి మాత్రం ముట్టుకోవద్దు ప్లీజ్.