బనానా ప్లగ్ మంచిదే, ఆ రెండు చిన్న స్క్రూలతోనే నా గొడవ

స్పీకర్ వైర్ల చివర బనానా ప్లగ్గులు, అంటే యాంప్లిఫయర్ (యాంప్) వెనకా స్పీకర్ వెనకా ఉండే రంధ్రాల్లో గుచ్చే లోహపు కొనలు, పెట్టుకోవాలా అని ఎవరడిగినా ఇదివరకు మరో మాట లేకుండా పెట్టుకోమనేవాణ్ణి. ఇప్పుడూ అదే అంటాను గానీ, ఏ రకం ప్లగ్గు, దానికి ఏ వైరు అన్నది ముందు తేల్చుకోమంటాను. నా కోపమంతా ఒక్క రకం మీదే. పక్కనుంచి రెండు బుల్లి స్క్రూలతో వైరును నొక్కిపట్టే ప్లగ్గు ఉంటుందే, అది. కొత్తలో ఎంత సుఖంగా ఉంటుందో, కొన్నాళ్లు పోయాక అంత విసిగిస్తుంది.

సుఖం సంగతి కాదనను. మా ఇంట్లో ఊడ్చడానికో తుడవడానికో స్పీకర్లు తరచూ జరుపుతుంటాం. ఉత్త వైరైతే ప్రతిసారీ యాంప్ వెనక చెయ్యి పట్టని సందులో పోగులు మెలేసి, ఒక్కటీ బయటికి రాకుండా రంధ్రంలో దూర్చి, పైన మర బిగించాలి. ఒక్క పోగు పక్క టెర్మినల్‌కి తగిలినా షార్టే. మంచి యాంప్ అయితే ప్రొటెక్షన్‌లోకి వెళ్లి, అంటే తనను తాను కాపాడుకోవడానికి సౌండ్ ఆపేసి ఊరుకుంటుంది, అది లేనిదైతే స్పీకర్‌కి కరెంటు పంపే అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్లు పోవచ్చు. ప్లగ్గు పెట్టాక ఆ టెన్షన్ పోయింది, చూడకుండానే గుచ్చేయొచ్చు, లాగేయొచ్చు.

తర్వాత ఎడమ స్పీకర్ మొరాయించడం మొదలెట్టింది. పూర్తిగా ఆగిపోయినా బాగుండేది, వెంటనే తెలిసేది. సౌండ్ తక్కువలో ఉన్నప్పుడు ఆ వైపు గొంతు సన్నగా ఎక్కడో దూరం నుంచి వచ్చినట్టు ఉండేది, కాస్త పెంచగానే ఓసారి చిటపటమని మళ్లీ మామూలైపోయేది. మా ఆవిడ పాటే అలా రికార్డు చేశారేమో అంది. రిపేరు చేసే ఆయన విషయం వినగానే యాంప్ లోపలి స్పీకర్ రిలే, అంటే స్పీకర్‌ని కలిపే విడదీసే స్విచ్చు, మార్చాలన్నాడు. ఆయన్ని తప్పు పట్టను, రిలే కాంటాక్టులు పాడైనా అచ్చం ఇలాగే ఉంటుంది. కానీ యాంప్ మూత విప్పించేముందు నేను చెయ్యగలిగింది చేద్దామని, యాంప్ ఆపేసి, దాని వెనక కుడి ఎడమ వైర్లు అటుదిటు మార్చాను. లోపం యాంప్‌దైతే కుడి స్పీకర్‌కి వెళ్లాలి కదా, వెళ్లలేదు. మళ్లీ ఆపేసి వైర్లు అలాగే ఉంచి స్పీకర్లు అటుదిటు మార్చాను. ఈసారి బాగున్న స్పీకర్ సన్నగా పాడింది. అంటే వైరే.

ప్లగ్గు విప్పబోతే స్క్రూ తిప్పే పనే పడలేదు, వైరు దానంతటదే జారి చేతిలోకొచ్చింది. స్క్రూ మొన దిగినచోట సగం పోగులు తెగి ఉన్నాయి, మిగిలినవి బూడిద రంగుకు తిరిగాయి. తెగిన కొనల్ని వెలుతురులో పెట్టి చూస్తే లోపల తెల్లగా వెండిలా మెరుస్తోంది, పైన మాత్రం పల్చటి రాగి పూత. అల్యూమినియం! చుట్ట మీద మాత్రం శుద్ధమైన రాగి అని పెద్దక్షరాలతో ముద్రించి అమ్మారు. ఆ కోపం ఇంకా తగ్గలేదు. రాగి పూత వేసిన అల్యూమినియం అని నిజం రాస్తే కావలసినవాళ్లు తెలిసే కొనుక్కుంటారు.

న్యాయంగా చెప్పాలంటే, మామూలు గదిలో అల్యూమినియం వైరు వల్ల సౌండ్ ఏమీ చెడదు. 14 గేజ్ (గేజ్ అంటే వైరు లావు, అంకె తగ్గేకొద్దీ లావెక్కువ) రాగి వైరు రెసిస్టెన్స్, అంటే కరెంటుకు అది పెట్టే అడ్డు, 5 మీటర్ల దూరానికి, రానూపోనూ కలిపి, 0.08 ఓమ్ అటూఇటూగా ఉంటుంది, పూత వైరైతే దానికి ఒకటిన్నర రెట్లు. 8 ఓమ్‌ల స్పీకర్‌కి వైరు రెసిస్టెన్స్ అందులో 5 శాతం దాటకూడదన్న లెక్క చూసుకున్నా 0.4 ఓమ్ దాకా అవకాశం ఉంది. చిక్కంతా చివరలోనే. అల్యూమినియం మెత్తన, ఒత్తిడి కింద మెల్లగా పక్కకు జరిగిపోతుంది, స్క్రూ తనంతట తను వదులైనట్టే. పూత చీలినచోట గాలి తగిలితే క్షణాల్లో ఆక్సైడ్ పొర కడుతుంది, అది కరెంటును పోనివ్వదు. చిన్న సిగ్నల్‌కి ఆ పొర అడ్డం, సౌండ్ పెంచితే అదే తెగి దారిస్తుంది. మా ఎడమ స్పీకర్ రోగం అదీ.

వైరు కొనేముందు ఒక కొన కోసి, పోగును బ్లేడుతో గీరి చూడండి. పైన తెల్లగా ఉండి లోపల ఎర్రగా ఉంటే తగరం పూసిన రాగి, భయం లేదు. పైన ఎర్రగా ఉండి లోపల తెల్లగా ఉంటే మాత్రం మాది లాంటిదే. బరువు కూడా చెప్పేస్తుంది, అదే లావు రాగి వైరు కన్నా బాగా తేలిక.

ఇప్పుడు 14 గేజ్ అసలు రాగి వైరుకి మారాను. ప్లగ్గులు స్క్రూలవి కాకుండా, టోపీ తిప్పితే పోగుల్ని చుట్టూ సమానంగా బిగించేవి తీసుకున్నాను. ఒక్క పోగూ తెగదు, గట్టిగా లాగినా కదలదు. స్క్రూ రకమే ఉంటే పోగుల చివర సోల్డర్ (కరిగించి అతికే మెత్తని లోహం) పెట్టి బిగించమని ఒకరు చెప్పారు, అది మాత్రం వద్దు, సోల్డర్ కూడా ఒత్తిడికి జరిగిపోయి వదులవుతుంది. బంగారు పూత తుప్పు పట్టకుండా ఉండడానికే, దానివల్ల పాటేమీ తియ్యగా మారిపోదు.

కొత్త ప్లగ్గులకీ వంకలున్నాయి. పొడుగెక్కువ, వెనక ఇంకాస్త జాగా తింటాయి, గోడకి ఆనించి పెట్టే అల్మారా స్పీకర్లకి ఇబ్బందే. నేను తీసుకున్నవాటిలో 12 గేజ్ వైరు దూరదు కూడా. అందుకని ఇది మాలాగా తరచూ స్పీకర్లు జరిపేవాళ్లకి, వెనక కాస్త చోటున్నవాళ్లకి పనికొస్తుందని మాత్రమే అంటాను. ఒకసారి పెట్టి ముట్టుకోనివాళ్లకి ఉత్త రాగి వైరు గట్టిగా బిగిస్తే చాలు, మధ్యలో ఇంకో అతుకు ఎందుకు? పడగ్గదిలోని చిన్న స్పీకర్లకి వెనక నొక్కుడు క్లిప్పులే ఉన్నాయి, వాటిలో బనానా దూరదు, అక్కడ నేనూ ఉత్త వైరే పెట్టాను.