వాంకూవర్‌లో ఎన్‌పీఏ, ఏబీసీ: ఒకే ఓటు, రెండు పార్టీలు

కెనడాలోని వాంకూవర్‌లో మన కార్పొరేషన్లలా వార్డులు లేవు. ఒక్కో ఓటరు మేయర్‌నీ, ఊరంతటికీ కలిపి పదిమంది కౌన్సిలర్ల దాకానూ ఎంచుకోవచ్చు. అంత పొడుగు బ్యాలెట్‌లో చాలామందికి దారి చూపేది అభ్యర్థి పేరు పక్కనున్న పార్టీ పేరే.

కాస్త కుడివైపు మొగ్గే ఓటర్లకు దశాబ్దాల పాటు ఆ పేరు ఎన్‌పీఏ (నాన్-పార్టిజన్ అసోసియేషన్). సోషలిస్టు పార్టీ అయిన సీసీఎఫ్‌ను అడ్డుకోవడానికి 1937లో పుట్టింది. 2018లో దాని మేయర్ అభ్యర్థి కెన్ సిమ్ వెయ్యి లోపు ఓట్ల తేడాతో ఓడినా, ఐదుగురు కౌన్సిలర్లు గెలిచారు. ఆ తర్వాత అంతర్గత గొడవలతో వారిలో నలుగురు బయటికొచ్చారు. 2022లో కౌన్సిల్‌లో ఒక్క సీటూ రాలేదు.

ఏబీసీ (ఎ బెటర్ సిటీ) కొత్తది. అదే కెన్ సిమ్‌తో, వంద మంది పోలీసులు, వంద మంది మానసిక ఆరోగ్య నర్సులు అనే హామీతో 2022లో బరిలోకి దిగింది. మేయర్ పీఠంతో పాటు నిలబెట్టిన ఏడుగురు కౌన్సిలర్లూ గెలిచారు.

చరిత్ర ఎన్‌పీఏది, క్రమశిక్షణ ఏబీసీది. జనానికి సూటిగా అర్థమయ్యే హామీ ఇచ్చినందుకు నా మొగ్గు ఏబీసీకే. కానీ పదిలో ఏడు సీట్లు ఒకే పార్టీవైతే కౌన్సిల్‌లో నిలదీసే గొంతులు తగ్గుతాయి. అది నగరానికి మంచిది కాదు. 2025 ఏప్రిల్ ఉప ఎన్నికలో రెండు సీట్లూ వామపక్షం వైపే వెళ్లాయి.